వందేళ్ళు బతికేది కావాలి

భూలక్ష్మి కువైట్ నుంచి దిగి పట్టుమని పదిరోజులు కాకుండానే వీధంతా వార్త పాకిపోయింది. తొమ్మిదేళ్ళ కూతురు పొలుసులున్న జంతువుని పెంచుకుంటానని పట్టుబడితే, అలాగే తల్లీ అని ఆ మహాతల్లి ఒప్పేసుకుందట. కొత్తపేట నుంచి పలివెల వెళ్ళే దారిలో కాలవ వంతెన దాటి పక్కకి దిగితే వాళ్ళ వీధి. అక్కడ కుక్కలకి కొదవ లేదు, పిల్లులు అడక్కుండానే వచ్చి సంసారాలు పెడతాయి, ఒకరింట్లో రంగురంగుల పిట్టల పంజరం కూడా ఉంది. పాకేదాన్ని మాత్రం చీపురుతో తరమడమే గాని, పిలిచి పీట వెయ్యడం ఆ వీధి పుట్టి ఎరగదు. గల్ఫు డబ్బు తలకెక్కితే ఇలాగే ఉంటుందన్నారు కొందరు. ఆ అన్నవాళ్ళలో సగంమంది ఇళ్ళల్లో గల్ఫుకి వెళ్ళినవాళ్ళున్నారు, అది వేరే సంగతి. కుండకైతే మూకుడుంది, లోకానికి ఎక్కణ్ణుంచి తెస్తాం?

నిజం చెప్పుకోవాలంటే భూలక్ష్మికి ఆ జంతువు మీద మోజేమీ లేదు. ఆవిడకి కావలసింది కూతురు. రెండు నెలల సెలవు మీద వచ్చింది. ఆ సెలవు అయిపోయేలోగా పిల్ల తనంతట తాను వచ్చి పక్కన చేరగిలబడాలి, అమ్మా అని ఒక్కసారి గారాం పోవాలి. మళ్ళీ వెళ్ళక ఎలాగూ తప్పదు, ఆ ఒక్కటైనా మూటగట్టుకుని వెళ్ళాలి. అందుకోసం పిల్ల కొండమీది కోతిని అడిగినా తెచ్చేదే. పిల్ల కోతిని అడగలేదు, అంతే.

అంతర్వేదిలో పడవలవాళ్ళింట పుట్టిన మనిషి భూలక్ష్మి. తండ్రి గంగయ్య వెనకాల నీళ్ళల్లో పడి తిరగడంతో నడకా ఈతా కలిసే వచ్చేశాయి. పెళ్ళయి ఈ పక్కకి వచ్చాక నీళ్ళు తగ్గి కొబ్బరికాయలు ఎక్కువయ్యాయి. మొగుడు అంజిబాబు కొబ్బరి వలుపు కూలి. గునపానికి కాయని గుచ్చి పీచు ఊడదీసే పని. మనిషి మంచివాడు, మాట మాత్రం పొదుపు. తుపానుకి తాటాకు కప్పు ఎగిరిపోయిన ఏడు, నాలుగేళ్ళ కూతురు యామినిని అత్తగారు చిట్టెమ్మ చేతిలో పెట్టి విమానం ఎక్కింది భూలక్ష్మి. రెండేళ్ళలో వచ్చేస్తానంది. ఐదేళ్ళు పట్టింది. ఇంటికి గోడలు లేచాయి, గచ్చు పడింది, స్లాబు మాత్రం పడలేదు. రేకులు వేసి నెట్టుకొస్తున్నారు.

కువైట్‌లో ఆవిడ పని ఒక పిల్లాణ్ణి చూసుకోవడం. ఆ పిల్లాడికో మెట్ట తాబేలు ఉంది. పెద్దది, కూర్చునే పీటంత ఉంటుంది. దానికి వాడు పెట్టుకున్న పేరు బటాటా, అంటే వాళ్ళ భాషలో బంగాళాదుంప. తాబేలు మీద వాడి ముచ్చట నెల్లాళ్ళలో తీరిపోయి, వంటా బట్టలూ పిల్లాడితో పాటు ఆ బంగాళాదుంప కూడా భూలక్ష్మి నెత్తినే పడింది. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో ఆకు పట్టుకుని కూతురికి వీడియో కాల్ చేసేది. తాబేలు మెడ సాచి ఆకు కొరుక్కుంటుంటే యామిని ఇక్కణ్ణుంచి రెప్ప వెయ్యకుండా చూసేది. ఐదేళ్ళు తల్లి మొహం పక్కనే ఆ తాబేలు మొహం కూడా చూస్తూ పెరిగింది పిల్ల.

సెలవు మీద తల్లి ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే, యామిని గ్లాసుతో కాఫీ తెచ్చి, "పంచదార సరిపోయిందాండీ?" అని అడిగింది. చుట్టాలొస్తే ఎలా మాట్లాడాలో మామ్మ బాగా నేర్పింది మరి. గోదారి జిల్లాల మర్యాద గురించి బయటివాళ్ళు ముచ్చటగా చెప్పుకుంటారు గాని, కన్నకూతురు అండీ అంటుంటే ఆ మర్యాద ఎంత కోస్తుందో భూలక్ష్మిని అడగాలి. పైకి నవ్వి, "సరిపోయిందమ్మా. నీకేం కావాలో అడుగు, కొనిపెడతాను" అంది.

"ఏదైనానాండీ?"

"ఏదైనా."

"మీరు కువైట్‌లో పెంచేరు కదండీ, అలాంటిది కావాలండి. పాకేది, పొలుసులుండేది. బొచ్చున్నవి వద్దండి."

అలా మొదలైంది వెతుకులాట.

కూతురు నోరు తెరిచి ఒకటి అడగడమే భాగ్యమనుకున్న అంజిబాబు, మర్నాడే తోటలోంచి కొబ్బరీనె ఉచ్చుకి ఒక తొండని తగిలించి తెచ్చాడు. అది అరుగు మీద కూర్చుని తల పైకీ కిందకీ ఆడించింది.

"తల ఊపడం తప్ప దానికింకేం రాదురా, అచ్చం నీలాగే" అంది చిట్టెమ్మ కొడుకుతో.

యామిని దాన్ని అటూ ఇటూ తిరిగి చూసింది. "ఎన్నేళ్ళు బతుకుద్ది నాన్నా?"

"ఎవరు చూసేరమ్మా. మూడేళ్ళో, నాలుగేళ్ళో."

"అయితే వద్దు."

భూలక్ష్మికీ అది నచ్చలేదు. దానికి రోజూ పురుగునో మిడతనో ప్రాణంతో పట్టి వెయ్యాలి. ఒకదాన్ని బతికించడానికి పసిపిల్ల చేత రోజూ మరొకదాన్ని చంపించడం ఏం పెంపకం? తొండ ఉచ్చు విప్పించుకుని గోడెక్కి, వెనక్కి తిరిగి ఇంకోసారి తల ఊపి వెళ్ళిపోయింది.

తరవాత మునగచెట్టు మీద ఊసరవెల్లి దొరికింది. యామినే కనిపెట్టింది. దాని కళ్ళు రెండూ రెండు పక్కలకి తిరగడం చూసి తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఒకేసారి కిసుక్కున నవ్వారు. కానీ పట్టి బంధిస్తే అది తిండి మానేసి బెంగతోనే పోతుందని భూలక్ష్మి చెప్పింది. దాన్ని కొమ్మ మీదే వదిలేశారు. అంజిబాబు తోటివాడెవరో ఉడుము పిల్లని తెచ్చిపెడతానన్నాడట. అది పెరిగితే కరుస్తుంది, పెరక్కముందే ఎవరో ఒకరు కూర వండుకుంటారు, పైగా దాన్ని పడితే పోలీసులు పట్టుకుంటారు. అయినా ఉడుముని వేరే తేవాలా, ఆ పట్టు పిల్లకి పుట్టుకతోనే వచ్చింది. పామన్న మాట వినబడగానే చిట్టెమ్మ రెండు చేతులూ నుదుటికి చేర్చి, "సుబ్బారాయుణ్ణి బోనులో పెడతారా? కళ్ళు పోతాయి" అంది. గోడ మీద బల్లులున్నాయి, వాటినే పెంచుకున్నామనుకోండి, తిండి ఖర్చు కూడా లేదు, చెప్పినదానికి సత్యం సత్యం అంటాయి కూడాను, అని ఆవిడే మళ్ళీ ఒక ఉపాయం చెప్పింది. ఏ ఉపాయానికైనా పిల్ల అడిగేది ఒకటే. ఎన్నేళ్ళు బతుకుద్ది?

తొమ్మిదేళ్ళ పిల్లలు జంతువు రంగు అడుగుతారు, కరుస్తుందా అని అడుగుతారు. ఆయుర్దాయం అడిగే పిల్లని భూలక్ష్మి ఎక్కడా చూడలేదు. చచ్చిపోతే ఏడవాల్సొస్తుందని భయం కాబోలనుకుంది.

చివరికి చిట్టెమ్మే దిగొచ్చింది. "తాబేలే కావాలంటే కాలవ తాబేలుని తెచ్చి నూతిలో వేద్దాం. మా అత్తగారి రోజుల్లో మన నూతిలో ఒకటుండేది. నాచూ పురుగూ తినేసేది, నీళ్ళు అద్దంలా ఉండేవి. ఇంట్లోకి మాత్రం తేకండి. తాబేలు దూరిన ఇల్లూ, అమీనా దూరిన ఇల్లూ ఒకటే." అమీనా అంటే కోర్టు నుంచి జప్తుకొచ్చే మనిషి. ఆవిడ చిన్నతనంలో ఒకసారి వాళ్ళింటికి వచ్చేడట, అప్పటినుంచి తాబేలుని కూడా ఆవిడ గుమ్మం తొక్కనివ్వదు.

"నూతిలో తాబేలుకి అన్నం ఎవరు పెడతారు మామ్మా?" అంది యామిని.

"ఎవరూ పెట్టరే. దాని తిండి అదే ఏరుకు తింటాది."

"అయితే దానికి మనిషితో పని లేదన్నమాట. నాకొద్దు."

భూలక్ష్మి పిల్లకి తగినదేదో తన పద్ధతిలో తాను ఆలోచించింది. కరవకూడదు. పరిగెత్తి పారిపోకూడదు. ఆకులు తినాలి, ప్రాణం ఉన్నవాటిని కాదు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు, పిల్లకి జబ్బు రాదు. ఇవన్నీ లెక్క చూసుకుంటే మెట్ట తాబేలే తేలింది. పిల్ల లెక్కలో చూసినా అదే తేలింది. ఇద్దరూ వేరువేరు దారుల్లో నడిచొచ్చి ఒకే గుమ్మం ముందు ఆగారు. ఈ వెతుకులాటలో ఎక్కడ జారిపోయిందో ఏమో, పిల్ల నోట్లోంచి ఆ అండీ జారిపోయింది. భూలక్ష్మి గమనించింది. పైకంటే మళ్ళీ వచ్చేస్తుందేమోనని కిక్కురుమనలేదు.

కోనసీమలో మెట్ట తాబేలు ఎక్కడ దొరుకుతుంది? దొరకదు. దాన్ని తెచ్చినవాడు శ్రీరాములు, భూలక్ష్మికి వరసకి అన్న అవుతాడు, కాయ లారీ డ్రైవరు. అంబాజీపేటలో కొబ్బరికాయలు ఎత్తుకుని గుజరాత్ దాకా వెళ్ళొస్తుంటాడు.

"రోడ్డు దాటుతుంది చెల్లెమ్మా. టైరు కింద పడుద్దని ఎత్తి కేబిన్‌లో పెట్టేను. నీ కూతురు తాబేలని ఏడుస్తుందని అంజిబాబు చెప్పేడు గదా" అంటూ గోనెసంచి విప్పాడు.

ఎండుకొబ్బరి చిప్ప బోర్లించినంత ఉంది. నల్లటి డిప్ప మీద పసుప్పచ్చ గీతలు చుక్కల ముగ్గులా విచ్చుకుని ఉన్నాయి. వీధిలో అందరూ వచ్చి చూశారు. గల్ఫు డబ్బు తలకెక్కిందన్నవాళ్ళు అందరికంటే ముందొచ్చారు.

"ఎన్నేళ్ళు బతుకుద్ది మావయ్యా?"

"దీనికేమే, వందేళ్ళు పైమాటే. నీ మనవలు కూడా మేపాలి దీన్ని."

యామిని మొహం చేటంతయింది. పరుగున వచ్చి తల్లి నడుం చుట్టూ రెండు చేతులూ వేసి వాటేసుకుంది. భూలక్ష్మికి కళ్ళు చెమర్చాయి. ఇంకేం కావాలి, సెలవు పండిందనుకుంది.

పెరట్లో నీడపట్టున ఇటికలు పేర్చి, పొడి ఇసక పోసి, తాబేలుకి చోటు కట్టింది. పల్లెంలో కాసిని నీళ్ళు, పొద్దున్నే మందారాకులూ పువ్వులూ. అన్నీ పిల్లకి నేర్పబోయింది. ఇక్కడే ఆవిడకి ఒక సంగతి అర్థం కాలేదు. యామిని పక్కనే గొంతుక్కూర్చుని చూస్తుంది గాని, ఒక్క ఆకు కూడా తన చేత్తో పెట్టదు. "నువ్వే పెట్టమ్మా. నీ చేత్తోనే అలవాటవ్వాలి దానికి" అంటుంది. కోడిపిల్లకి కూడా పేరు పెట్టే వయసు, తాబేలుకి పేరు పెట్టలేదు. ముద్దు చెయ్యదు, ఎవరికీ చూపించి గొప్పలు పోదు. తల్లి ఆకు పెట్టిందా లేదా అని మాత్రం రోజూ చూసుకుంటుంది. తాబేలు ఎవరి కోసం వచ్చినట్టో భూలక్ష్మికి బోధపడలేదు.

ఇంతలో టిక్కెట్ల ఏజెంటు ఫోన్ చేశాడు. కువైట్‌లో పనిచేసే ఇంటి మేడమ్ టిక్కెట్టు తియ్యమందట, పాస్‌పోర్టు తెచ్చి చూపించమన్నాడు. ఒక మధ్యాహ్నం, పిల్ల పక్కింట్లో ఆడుకుంటుంటే, బజారుకని చెప్పి కొత్తపేట వెళ్ళింది భూలక్ష్మి.

మే నెల ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇంట్లో చిట్టెమ్మ ఒక్కతే ఉంది. తాబేలు రాకముందు అంత యాగీ చేసిన మనిషి, వచ్చాక దానికి చాటుగా దోసకాయ ముక్కలు వేస్తూనే ఉంది. మంచినీళ్ళకని పెరట్లోకి వెళ్ళి దాని వంక చూసింది. అది మెడ సాచి, నోరు కొద్దిగా తెరిచి ఉంది. చుట్టూ పొడి ఇసక. పల్లెంలో నీళ్ళు ఎండకి ఆవిరైపోయాయి. అయ్యో పాపం, నోరులేని జీవి, నీళ్ళు లేక ఎండిపోతోందనుకుంది. నీళ్ళల్లో బతకని తాబేలు ఉంటుందని ఆవిడకి ఎలా తెలుస్తుంది? గుమ్మం ముందు కాలవ, పెరట్లో నుయ్యి, అటు గౌతమి, ఇటు వశిష్ఠ, ఆ పైన సముద్రం. ఈ సీమలో ఎండబెడితే ఎండేవి అప్పడాలూ కొబ్బరి చిప్పలూను. ప్రాణమున్నదేదైనా ఇక్కడ నీళ్ళకే చేరుతుంది. కువైట్ ఎడారిలో ఏ నీళ్ళూ లేక అలా పెంచారేమో, మా కోడలికి అదే అలవాటయింది పిచ్చిది, అనుకుని, తాబేలు డిప్పకి పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, బాల్చీలో కూర్చోబెట్టి, గిలక మీదుగా నెమ్మదిగా నూతిలోకి దించింది. బాల్చీ ఒరిగి తాబేలు నీళ్ళల్లోకి జారాక చేతులు జోడించి దణ్ణం కూడా పెట్టుకుంది. పుణ్యం చేసుకున్న తృప్తితో వెళ్ళి వసారాలో నడుం వాల్చింది.

భూలక్ష్మి ఆటో దిగి ఇంట్లోకి వస్తుంటే పక్కింటి నుంచి యామిని కూడా వచ్చింది.

"ఏవమ్మాయ్, నీ తాబేలుని చల్లగా నూతిలో వేసేనే. ఎండకి మాడిపోతంది పాపం" అంది చిట్టెమ్మ సంబరంగా.

భూలక్ష్మి, "అత్తయ్యా, అది ఈదలేదండీ!" అంటూ చెప్పులైనా విడవకుండా పెరట్లోకి పరిగెత్తింది. తొంగి చూస్తే నీళ్ళ మీద పసుపు తెట్టు తేలుతోంది, తాబేలు లేదు. సిమెంటు వరల నుయ్యి. ఎండాకాలం కాబట్టి నీళ్ళు లోతుకి దిగి ఉన్నాయి, ఉన్నా మెడలోతు ఉండవచ్చు. చీర గోచీలా దోపింది. చేంతాడు గిలక స్తంభానికి ముడేసి, వరల అంచుల మీద పాదాలు ఆన్చుకుంటూ దిగిపోయింది. నీళ్ళంటే ఆవిడకి భయమెక్కడిది?

పైన ఉన్నవాళ్ళకి ఉండదా మరి. యామిని గట్టు పట్టుకుని వంగి చూసేసరికి తల్లి తల నీళ్ళల్లో మునిగిపోయింది. అడుగు తడమడానికి మునిగిందని పిల్లకేం తెలుసు?

"అమ్మా! నాకు తాబేలొద్దు! నువ్వు పైకొచ్చెయ్! నాకేవీ వద్దు, నువ్వొచ్చెయ్!"

ఆ కేక వరలకి తగిలి నూతంతా మోగింది. భూలక్ష్మి పైకి లేచి ఊపిరి పీల్చి, మళ్ళీ మునిగింది. రెండోసారి బురదలో డిప్ప చేతికి తగిలింది. దాన్ని బాల్చీలో వేస్తే చిట్టెమ్మ ఏడుస్తూ తోడింది. భూలక్ష్మి మోకాళ్ళు గీరుకుపోయి పైకొచ్చేసరికి పిల్ల తల్లి తడిచీర కొంగు పట్టుకుంది, విడిచిపెట్టలేదు.

తాబేలు కాళ్ళు వేలాడేసింది. భూలక్ష్మి దాన్ని తలకిందులుగా పట్టుకుని మెడ మెల్లగా బయటికి లాగితే నోట్లోంచి నీళ్ళు కారాయి. బట్టలు మార్చుకునే ఓపిక కూడా పట్టకుండా, వచ్చిన ఆటోనే పిలిచి, పిల్లని తీసుకుని కొత్తపేట పశువుల ఆస్పత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ లక్ష్మీతులసి గేదెలకీ మేకలకీ మందిచ్చే మనిషే గాని కంగారు పడలేదు. తలవాల్చి ఉంచి, ముందుకాళ్ళు ముందుకీ వెనక్కీ ఆడించింది, సూది వేసింది. చాలాసేపటికి తాబేలు ఒక కాలు కదిపింది.

"బతుకుద్దాండీ?" అంది యామిని.

"బతుకుద్దమ్మా. నాలుగు రోజులు వెచ్చగా ఉంచి చూడాలి" అని, డాక్టరమ్మ భూలక్ష్మి వైపు తిరిగింది. "కానీ ఇది నక్షత్ర తాబేలండీ. ఇంట్లో పెంచుకోడానికి చట్టం ఒప్పుకోదు. మన కాలవల్లో తాబేళ్ళని కూడా పెంచకూడదు. మీరు తెలీక తెచ్చుకున్నారు, ఆ సంగతి నేను చెప్తాలెండి. అటవీశాఖ వాళ్ళకి ఫోన్ చేస్తాను, వచ్చి తీసుకెళ్ళి దీనికి తగిన చోట వదులుతారు."

భూలక్ష్మి ఆయ్ అని తలూపింది. ప్రాణం నిలబడింది, అదే పదివేలనుకుంది. యామిని మాత్రం ఒక్కసారిగా బల్లకి అడ్డం నిలబడింది.

"ఇవ్వద్దండీ! ఇచ్చేస్తే అమ్మ ఎల్లిపోద్దండీ!"

డాక్టరమ్మకి అర్థం కాలేదు. పిల్ల వెక్కుతూ చెప్పుకుపోయింది. "అక్కడి తాబేలు అమ్మ చేత్తో పెడితేనే తింటాదంటండీ. అమ్మ వచ్చేస్తే అది చచ్చిపోద్దంట. అందుకే అమ్మ రాలేదండీ. నాకు జ్వరం వచ్చినప్పుడూ రాలేదు, స్కూల్లో డాన్సు చేసినప్పుడూ రాలేదు. ఇక్కడ కూడా ఒకటుండి, దానికి అమ్మే పెట్టాలంటే, ఇంక ఎల్లదు గదండీ. వందేళ్ళు బతుకుద్దన్నాడు మావయ్య."

డాక్టరమ్మ చేతులు కడుక్కోడానికి లోపలికెళ్ళింది. భూలక్ష్మికి నూతిలో ఆడిన ఊపిరి ఇక్కడ ఆడలేదు. ఆ మాట తనే చెప్పింది. ఒకసారి కాదు, రమ్మని పిల్ల ఏడ్చినప్పుడల్లా చెప్పింది. ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెడదామనుకుంది, పిల్ల దాన్ని వేదవాక్కు కింద మనసులో పెట్టుకుంది. రంగుల పిట్టనీ కుక్కపిల్లనీ కాదని, పొలుసుల జంతువు కోసం, దాని ఆయుష్షు కోసం ఎందుకు అంతలా వెతికిందో ఇప్పుడు తెలిసింది.

ఆస్పత్రి వసారాలో బెంచీ మీద కూర్చోబెట్టి, పిల్ల చెయ్యి పట్టుకుంది. ఇంకో అబద్ధం చెప్పి ఆ పూట గట్టెక్కవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. చెప్పలేకపోయింది.

"తాబేలు కోసం కాదే. అది ఎవరు పెట్టినా తింటాది. మేడమ్ రెండుసార్లు ఎల్లిరమ్మంది. నేనే ఎల్లనన్నాను. వచ్చెళితే జీతం పోద్ది, ఇల్లు ఆగిపోద్దని ఉండిపోయేను. నీకా మాట చెప్పడానికి నోరు రాక తాబేలు మీద పెట్టేను."

యామిని తల్లి మొహంలోకి చూసి, "అంటే, అప్పుడే రావచ్చన్నమాట" అంది.

"రావచ్చు."

"ఎవరూ ఆపలేదు?"

"ఎవరూ ఆపలేదమ్మా."

పిల్ల ఏడిస్తే ఓదార్చేది. ఏడవలేదు. చెయ్యి విడిపించుకుని, బెంచీ మీద జానెడు పక్కకి జరిగి కూర్చుంది.

తాబేలు కోలుకుంది. అటవీశాఖ వాళ్ళు వచ్చి గడ్డి పరిచిన పెట్టెలో పెట్టుకుని తీసుకెళ్ళారు. తెలియక చేసిన తప్పని మందలించి వదిలేశారు. చిట్టెమ్మ మాత్రం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందని ఏడ్చిన ఆవిణ్ణి భూలక్ష్మి ఒక్క మాట కూడా అనలేదు. తాబేలుని నీళ్ళల్లో వేసింది ఆవిడ, కూతుర్ని ఐదేళ్ళు అబద్ధంలో వేసింది తను. ఎవరు ఎవర్ని అంటారు?

యామిని నోట్లోకి అండీ తిరిగొచ్చింది. అన్నం తిన్నానండీ, పడుకుంటానండీ. కోపం లేదు, అలక లేదు. భూలక్ష్మి పక్కన చేరినప్పుడు మాత్రం పిల్ల జరిగి చోటిచ్చేది, చుట్టాలకి ఇచ్చినట్టు. ఐదేళ్ళ దూరం కంటే ఆ జానెడు దూరం ఎక్కువ బాధపెట్టింది.

ఒక సాయంత్రం మొగుడు కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక అడిగింది. "ఏవండీ, నేను ఎల్లకపోతే స్లాబు సంగతేంటండీ?"

అంజిబాబు తువ్వాలుతో మొహం తుడుచుకుని కాసేపు రేకుల వంక చూశాడు. "రేకుల కిందే ఉన్నాం, ఉంటాం. వలుపు కాడ కాయ ఏరడానికి మనుషులు కావాలంటన్నారు. రమ్మని నేను అడగలేదు, నీ ఇష్టం" అన్నాడు. అతని లెక్కలో అది వారానికి సరిపడా మాట.

ఆ మర్నాడే ఏజెంటు మళ్ళీ ఫోన్ చేశాడు. యామిని గుమ్మంలో కూర్చుని తాటిముంజ ఒలుచుకుంటోంది. భూలక్ష్మి లోపలికి వెళ్ళలేదు, పిల్ల పక్కనే నిలబడి మాట్లాడింది.

"నేను రావట్లేదండి. టిక్కెట్టు తియ్యొద్దని చెప్పండి."

అవతల ఏజెంటు లబోదిబోమన్నాడు. ఇప్పుడు రానంటే ఎలాగమ్మా, మేడమ్‌కి ఏం చెప్పమంటారు, ఒంట్లో బాగోలేదని చెప్పనా, మీ అత్తగారికి సుస్తీ చేసిందని చెప్పనా, ఏదో ఒకటి చెప్పాలి గదండీ, అన్నాడు.

"అవేవీ చెప్పకండి. నా ఒంట్లో బాగానే ఉంది. మా అత్తగారు గుండ్రాయిలా ఉన్నారు. నన్నెవరూ ఆపలేదండి. నేనే రానన్నానని, ఆ మాటే చెప్పండి."

ఫోన్ పెట్టేసింది. యామిని చేతిలో ముంజ అలాగే ఉంది. తలెత్తి తల్లిని చూసింది. లేచి, ముంజ నీళ్ళు మోచేతుల దాకా కారుతుంటే పెరట్లోకి పరిగెత్తింది.

"మామ్మా, అమ్మ ఎల్లట్లేదంట!"

"అదేంటే? ఎవరాపేరు?" అంది చిట్టెమ్మ.

"ఎవరూ ఆపలేదంట మామ్మా. తనే ఎల్లనందంట!"

పిల్ల ఆ మాట కాలవ అవతలికి కూడా వినబడేంత గట్టిగా చెప్పింది.